దానియేలు రాయి, నా పుస్తకం

ఫిబ్రవరి 7, శనివారం. ఉదయం పది గంటలు. స్థలం: ఏలూరు కాలువగట్టు మీద మూతపడిన మా బియ్యం మిల్లు ఆవరణ. ఎండ ఉంది. గాలి పొడిగా ఉంది.

హాజరైనవారు:

1. నేను, సుబ్బారాయుడు. ఈ మిల్లులో ముప్పై రెండేళ్ళు ఫోర్‌మేన్‌ని.
2. దానియేలు. ఊరు కొల్లేటికోట. ధాన్యం ఆడించే మరలకు రాళ్ళు పోసే పనివాడు.
3. ప్రసన్న గారు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చెప్పే లెక్చరరు.
4. ఆవిడ విద్యార్థులు నలుగురు. వాళ్ళలో ఎక్కువ మాట్లాడిన అమ్మాయి పేరు హారిక.
5. కిరణ్, మా యజమాని మనవడు. తాళాలు తెచ్చి, అరగంట కూర్చుని వెళ్ళిపోయాడు.

ఈ జాబితాలో మొదట దానియేలు పేరు రాశాను. తర్వాత కొట్టేసి నా పేరు పైకి తెచ్చాను. డెబ్బై అయిదు దాటాక కూడా ఆ పని చేశానంటే, ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎలా ఉండేవాణ్ణో మీరే ఊహించుకోవచ్చు.

ప్రసన్న గారు ఏలూరు కాలువ మీద, దాని గట్టున బతికిన మిల్లుల మీద ఒక పుస్తకం తయారు చేస్తున్నారు. మమ్మల్ని రెండు పనుల మీద పిలిచారు. మర్నాడు ఉదయం దానియేలు పాత పద్ధతిలో ఒక రాయి పోసి పిల్లలకు చూపించాలి. దానికి ముందు, నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రాస్తున్న డైరీలు చూసి ఆవిడ ఒక వాక్యం సరిచూసుకోవాలి. ఆ వాక్యం ఇది: “దానియేలు పోసిన రాయి పగలడంతో ఆ మిల్లు పతనం మొదలైంది.” మా యజమాని ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకునే మాట అది. అచ్చయితే ఇక అదే నిలిచిపోతుంది. అందులో నిజమెంతో అక్కడున్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు.

మిల్లుల్లో ఉద్యోగాలకు వెళ్ళబోతున్న మా పిల్లల కోసం మీ అనుభవాలు రాసివ్వండి అని ఆవిడ అడిగారు. జీతం ఎప్పుడు పెరిగింది, సన్మానం ఎవరు చేశారు వగైరా రాయను. పని సంగతి, నా తప్పు సంగతి రాస్తాను.

కాలువ

ఇవాళ గుర్రపుడెక్క నిండిన నీళ్ళు చూసి మీకు కాలువ అంటే మురుగు అనిపిస్తుంది. మాకు అది రోడ్డు. తెల్లవాళ్ళ కాలంలో తవ్వింది. బెజవాడ నుంచి కృష్ణ నీళ్ళు ఇటు వస్తాయి, అటు నుంచి గోదావరి నీళ్ళు వస్తాయి, రెండూ ఏలూరులో కలుస్తాయి. రెండు నదుల పడవలు ఒక ఊళ్ళో ఆగుతుంటే అక్కడ మిల్లులు లేవకేం చేస్తాయి? ధాన్యం పడవ మీద వచ్చేది, బియ్యం పడవ మీద వెళ్ళేది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు పట్టి లాగుతూ నడిచేవాళ్ళు. ఊక మా బాయిలరు తినేది. ఉప్పుడు బియ్యానికి ధాన్యం నానబెట్టే తొట్లకు నీళ్ళూ కాలువవే.

నేను చేరేనాటికి లారీలు మొదలయ్యాయి కాని, పడవలు ఇంకా పోలేదు. మా యజమానికి లారీ అంటే నమ్మకం లేదు. ఆయన్ని అందరం పెద్దాయన అనేవాళ్ళం. “లారీ డ్రైవరు తాగుతాడయ్యా, కాలువ తాగదు” అనేవారు.

కాలువతో ఒకటే చిక్కు. ఏటా వేసవిలో మరమ్మతులకని నీళ్ళు కట్టేస్తారు. నీటిని ఆపే లాకుల తలుపులు పడ్డాక కొన్ని వారాల పాటు పడవ కదలదు. అందుకని కాలువ కట్టే ముందు వారం మిల్లులన్నీ రేయింబవళ్ళు ఆడేవి. ఆడించిన బియ్యం లాకు దాటితే సరి. దాటకపోతే పడవ బురదలో కూర్చుంటుంది, దాంతోపాటు మన పరువూ కూర్చుంటుంది.

పని అంటే నూక

ఫోర్‌మేన్ అంటే యంత్రాలు చూసుకునేవాడని మీ పుస్తకాల్లో ఉంటుంది. నిజానికి అతను చూసుకోవలసింది నూకను. ధాన్యం పై పొట్టు ఊడాలి, గింజ విరగకూడదు. ఈ రెంటి మధ్య ఉన్న సందే మా ఉద్యోగం.

ఆ రోజుల్లో పొట్టు తీసేది రాయి. రెండు పెద్ద ఇనప పళ్ళేలు, వాటి అంచున ఎమరీ అనే నల్లటి గరుకు పొడితో పోసిన పట్టీ. పై పళ్ళెం కదలదు, కిందిది తిరుగుతుంది. మధ్య సందులో ధాన్యం పడి పొట్టు వదులుతుంది. సందు బిగిస్తే నూక, వదిలేస్తే పొట్టు గింజలు. ఎమరీ అరిగిపోతుంది కనుక మళ్ళీ మళ్ళీ పోయాలి.

చేరిన కొత్తలో నా పనితనం చూపించుకోవాలని ఒక పూట సందు బాగా బిగించాను. బియ్యం తెల్లగా, శుభ్రంగా దిగుతోంది. పెద్దాయన వచ్చి దోసిలి పట్టి, అరచేతిలో పరిచి, మెల్లగా ఊదారు. నూకంతా ఎగిరి పంచె మీద పడింది.

“ఏమయ్యా సుబ్బారాయుడూ, ఇది పిల్లికి పెడతావా, కోడికి పెడతావా?”

“పొట్టు గింజ ఒక్కటీ లేదండి.”

“గింజే లేదు కదయ్యా, ఇంక పొట్టెక్కడ ఉంటుంది?”

మిల్లంతా నవ్వింది. ఆ రోజు నుంచి నేను ప్రతి పూటా సందు ఎంత, ధాన్యం తడి ఎంత, నూక ఎంత అని రాయడం మొదలుపెట్టాను. అంతవరకూ నా డైరీలో ఇంటి సంగతులే ఉండేవి. రాసుకోవడం మంచి అలవాటు. మీరూ రాయండి. కాని రాసినవాడికి తాను రాసిందే నిజమన్న గర్వం వస్తుంది. అది నాకు వచ్చింది.

దానియేలు

రాళ్ళు పోయడానికి మా మిల్లుకు నెలకొకసారో, రెండుసార్లో దానియేలు వచ్చేవాడు. నాకన్నా మూడేళ్ళు చిన్న. కొల్లేటికోటలో పడవ ఎక్కి, గట్టున దిగి, బస్సు పట్టుకుని వచ్చేవాడు. వాళ్ళ నాన్న చేపలు పట్టేవాడు. ఇతను మిషన్ బడిలో కొంత చదివి, బెజవాడలో ఒక ముసలి పనివాడి దగ్గర ఈ విద్య పట్టుకున్నాడు.

పోత ఇలా ఉంటుంది. ఎమరీ పొడిలో మ్యాగ్నసైట్ అనే తెల్ల పొడి కలుపుతారు. క్లోరైడు అనే ఉప్పు గడ్డల్ని నీళ్ళలో కరిగించి, ఆ నీళ్ళతో ముద్ద చేసి, పళ్ళెం మీద పోసి దిమ్మిసతో కొట్టి, ఆరబెడతారు. అంతా ఆ ఉప్పునీళ్ళ చిక్కదనంలో ఉంది. పల్చబడితే రాయి చూడ్డానికి రాయిలానే ఉంటుంది కాని, లోపల ఇసుక ముద్ద.

చిక్కదనం చూడ్డానికి మా దగ్గర గాజు గొట్టం ఉండేది. నీళ్ళలో వదిలితే నిలువుగా తేలుతుంది, దాని మీద ఎర్ర గీత నీటి మట్టానికి రావాలి. దానియేలు దాన్ని ముట్టుకునేవాడు కాదు. ఊక పోసిన చిన్న డబ్బాలోంచి ఒక బాతుగుడ్డు తీసి డ్రమ్ములో వదిలేవాడు. పావలా బిళ్ళంత పైకి తేలితే సరి.

“గొట్టం ఉందిగా, గుడ్డెందుకయ్యా?” అని అడిగాను ఒకసారి.

“గొట్టం పగిలితే ఏలూర్లో దొరకదండి. గుడ్డు పగిలితే మా కొల్లేట్లో దొరుకుద్దండి.”

“పొడి ఎంతకెంత కలుపుతావు?”

“పట్టినంతండి.”

ఈ ‘పట్టినంత’ అనే మాట నన్ను కాల్చేసింది. ఎందుకంటే అతను పోసిన రాయి, నేను కొలిచి పోసిన రాయి కన్నా రెండింతలు ఆడేది. ఒకసారి అతను వెళ్ళాక మిగిలిన బస్తాలు తూకం వేసి, ఎంత వాడాడో లెక్కకట్టి, అదే పాళ్ళలో నేను పోశాను. రాయి బాగానే వచ్చింది. అతని రాయిలో సగం కాలం ఆడింది. ఆ తూకాలన్నీ నా డైరీలో ఉన్నాయి. ఎవరికీ చూపించలేదు.

అసూయ గురించి కూడా ఉన్నదున్నట్టు రాయాలి. అది పెద్ద విషయాల దగ్గర మొదలవదు. పెద్దాయన నన్ను ‘ఏమయ్యా’ అని, నెలకోసారి వచ్చే అతన్ని ‘దానియేలు గారూ, భోంచేశారా’ అని పలకరించడం దగ్గర మొదలైంది. మా ఆవిడ కారియరు పంపిస్తూ, “దానియేలు గారు వచ్చే రోజటగా, రెండు గారెలు ఎక్కువ పెట్టాను” అన్నప్పుడు పెరిగింది. పడవ సరంగు ఒకడు గట్టు మీంచి మర చప్పుడు విని, “ఇది దానియేలు రాయండి, తెలుస్తూనే ఉంది” అన్నప్పుడు ముదిరింది. రాయి నిలబెట్టి, సందు కట్టి, పూట పూటా కాపలా కాసేది నేను. చప్పుడు మాత్రం అతనిది.

ఏనాడూ అతను నన్ను చిన్నచూపు చూడలేదు. నా డైరీ అంటే అతనికి గౌరవం. “మీరు రాసుకుంటారండి, మాకు ఆ ఓపికెక్కడిదండి” అనేవాడు. నాకది దెప్పిపొడుపులా వినిపించేది.

ఆ వేసవి

కాలువ వచ్చే వారం బుధవారం కడతారని తెలిసింది. మాకు రెండు పడవల బియ్యం లాకు దాటించాల్సిన పని ఉంది. మాకున్న రెండు మరల్లో ఒకదాని రాయి అప్పటికే అరిగి పక్కన పడుంది. రెండోదాని రాయి గురువారం పోసేస్తే, శనివారానికి మర ఎక్కించి, మంగళవారానికి పని ముగించవచ్చు. దానియేలుకు కబురు పంపాం.

బుధవారం పొద్దున నేను డ్రమ్ములో క్లోరైడు కరిగించి, గొట్టం వదిలి చూశాను. గీత మీద ఉంది. రాసుకున్నాను.

ఆ సాయంత్రం అకాల వాన పడింది. గాలికి డ్రమ్ము మీద రేకు జరిగిపోయింది. వాన వెలిశాక నేనే వెళ్ళి రేకు సరిచేశాను. పొద్దున మళ్ళీ గొట్టం వేసి చూడాలి అనుకున్నాను.

గురువారం దానియేలు చెమటతో వచ్చాడు. డబ్బా మూత తీసి చూసుకుని, నాలిక కరుచుకున్నాడు.

“బస్సులో నలిగిపోయిందండి గుడ్డు. అవతల గట్టు మీద బాతుల మంద ఉందిగదండీ, ఒకటి తెచ్చుకుంటానండి.”

పది నిమిషాల పని. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: “గుడ్డెందుకయ్యా దానియేలూ? నిన్న గొట్టం వేసి చూశాను. గీత మీద ఉంది. పుస్తకంలో రాశాను.”

అతను నా వైపు చూశాడు. డైరీ వైపు చూశాడు.

“మీరు రాశారంటే ఇంక చూసేదేముందండి” అని పంచె ఎగ్గట్టి ముద్ద కలపడానికి కూర్చున్నాడు.

ఎన్నో ఏళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. గుడ్డు కన్నా నా పుస్తకం మిన్న అని అతని నోటితో అనిపించుకున్నాను. అంత ఆనందంలో వాన సంగతి మరిచిపోయానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ముద్ద కలుపుతుంటే అతను ఒకసారి ఆగి, వేళ్ళ మధ్య నలిపి, “జారుతోందేంటండీ” అన్నాడు. నేను మాట్లాడలేదు. అతను పోసేశాడు.

ఆదివారం దాకా ఆడింది. సోమవారం మధ్యాహ్నం మర గొంతు మారింది. నేను బెల్టు తప్పించే లోపే పట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి, ఆడిన బియ్యంలో నల్ల ఎమరీ పలుకులు కలిసిపోయాయి. ఆ పలుకులు ఏరించి, పక్కన పడేసిన అరిగిన రాయే ఎక్కించి ఆడేసరికి గురువారం అయింది. లాకు తలుపులు పడిపోయాయి. మా రెండు పడవలూ కాలువ తెరిచేదాకా మా మిల్లు ముందే బురదలో కూర్చున్నాయి. పొద్దున్నే తలుపు తీస్తే అవే కనబడేవి.

పెద్దాయన దానియేలును పిలిపించారు. నేను పక్కనే ఉన్నాను.

“ఏమైందయ్యా?” అన్నారు. మొదటిసారి ‘గారు’ లేదు.

“రాయి నాదండి. తప్పూ నాదేనండి. గుడ్డు వేసి చూసుకోలేదండి.”

నా పేరు చెప్పలేదు. పుస్తకం పేరూ ఎత్తలేదు. “ఇంక నువ్వు రానక్కర్లేదు” అన్నారు పెద్దాయన. అతను డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. నేను గేటు దాకా కూడా వెళ్ళలేదు.

గూడెం

ఆ తర్వాత అతను తాడేపల్లిగూడెం వెళ్ళాడు. అక్కడ రైలు స్టేషనుకు, మార్కెట్ యార్డుకు దగ్గర్లో కొత్త మిల్లులు లేస్తున్నాయి. పడవలతో పని లేదు, లాకులతో పని లేదు. ఏటికేడు అక్కడ పొగగొట్టాలు పెరిగాయి, మా గట్టున తగ్గాయి. గూడెం నుంచి ఎవరొచ్చినా దానియేలు మాటే. “మాకు రాయి దానియేలు గారే పోస్తారండి.” “దానియేలు గారికి స్కూటరు కొనిచ్చారండి మా ఓనరు.”

అతన్ని వెళ్ళగొట్టించింది నేను. అతను బాగుపడితే నా తప్పు బరువు తగ్గాలి కదా? తగ్గలేదు. అసూయ రెట్టింపయింది. అంతకు ముందు అతని చేతిని చూసి కుళ్ళుకునేవాణ్ణి. తర్వాత అతని ఊరిని, అతని రైలును, అతని స్కూటరును కూడా కలుపుకున్నాను. పొట్టు తీసే రబ్బరు రోలర్ల మరలు వచ్చి రాళ్ళు పోసే పనే అంతరించినప్పుడు, మొదట నాకు కలిగింది సంతోషం. అప్పటికి మా మిల్లూ మూతపడింది. అయినా సంతోషమే.

మీలో కొందరికి మీ పక్కన మీకన్నా మంచి పనివాడు దొరుకుతాడు. అతన్ని చూసి కుళ్ళుకోవద్దని చెప్పను, ఎందుకంటే అది మన చేతిలో ఉండదు. అతను అడిగినప్పుడు మాత్రం నిజం చెప్పండి. నాకు ఆ ముప్పై రెండేళ్ళలో ఎదురైన పరీక్ష అదొక్కటే. ‘జారుతోందేంటండీ’ అన్న ప్రశ్నకు జవాబు.

శనివారం జరిగింది

మా మిల్లు ఇప్పుడు చేపల మేత గోడౌను. తవుడు వాసన ఉండాల్సిన చోట మేత వాసన. బస్తాలు పక్కకు జరిపి కుర్చీలు వేశారు. నా డైరీల పెట్టె మధ్యలో పెట్టారు.

దానియేలు కర్ర పట్టుకుని వచ్చాడు. షుగరు వల్ల ఒక కన్ను సరిగ్గా కనబడదట. నన్ను గొంతు బట్టి పోల్చుకున్నాడు.

“ఫోర్‌మేన్ గారండీ, బావున్నారాండి? ఇంకా రాస్తున్నారాండి?”

“రాస్తున్నాను.”

“నన్ను గురించి ఏవైనా రాశారాండి?” అని నవ్వాడు. పిల్లలు కూడా నవ్వారు.

ప్రసన్న గారు ఆ వాక్యం చదివి వినిపించారు. దానియేలు తల ఊపి, “అంతేనండి. ఆ రాయి పోయింది నిజవేనండి” అన్నాడు. ఇంక నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అతనే ఒప్పుకున్నాడు.

“సుబ్బారాయుడు గారండీ, ఆ సంవత్సరం డైరీ ఒకసారి చూడొచ్చాండి?” అన్నారు ప్రసన్న గారు. నేను లేచేలోపే హారిక పెట్టెలో చెయ్యి పెట్టి అదే డైరీ తీసింది. నా పద్ధతి నన్ను పట్టిచ్చింది. అట్టల మీద సంవత్సరం పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

“తాతగారూ, మీ రైటింగ్ ఎంత బావుందండీ! ఇదిగోండి, బుధవారం. ‘క్లోరైడు నీళ్ళు, గీత మీద ఉన్నాయి’. ఓకే మేడమ్, నీళ్ళు కరెక్టే.”

“అయితే పోతలోనే తేడా అన్నమాట” అని ప్రసన్న గారు పెన్ను తీశారు.

దానియేలు మళ్ళీ తల ఊపాడు. ఆ ఊపడం నేను చూడలేకపోయాను. హారిక చేతిలోంచి డైరీ తీసుకున్నాను.

“పేజీ అయిపోలేదమ్మా. అడుగున ఇంకో వాక్యం ఉంది. ‘సాయంత్రం నాలుగింటికి వాన. డ్రమ్ము మీద రేకు జరిగింది. వెళ్ళి సరిచేశాను.’ ఇదీ నా చేతిరాతే.”

హారిక ముందు అర్థం చేసుకుంది. “అంటే నీళ్ళు పల్చబడ్డాయి కదండీ? మీకు తెలుసు కదండీ?”

“తెలుసు. దానియేలు గారు గుడ్డు తెచ్చుకుంటానంటే వద్దన్నాను. ముద్ద జారుతోందని అడిగితే మాట్లాడలేదు.”

జీవితంలో మొదటిసారి ఆయన్ని ‘గారు’ అన్నాను. ఇక్కడి నుంచి అలాగే రాస్తాను.

బయట గట్టు మీద లారీ ఒకటి వెనక్కి వస్తూ పాట పాడుతోంది. దానియేలు గారు కర్ర రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

“వాన పడిందాండి ఏలూర్లో? మా కొల్లేట్లో పళ్ళేదండి” అన్నారు. ఆ తర్వాత, “అయితే మా ఆవిడ ఉత్తినే తిట్లు తిందండి. గుడ్డు సరిగ్గా పెట్టలేదని ఆ రాత్రంతా తిట్టానండి పిచ్చిదాన్ని. పోయి ఆరేళ్ళయిందండి.”

క్షమించమని అడగాలని అనుకుని వచ్చాను. ఆ మాట విన్నాక అడిగే ధైర్యం పోయింది.

“అప్పట్నుంచి రెండు గుడ్లు పట్టికెళ్తానండి ఎక్కడికెళ్ళినా” అన్నారు ఆయన పిల్లల వైపు తిరిగి.

ప్రసన్న గారు మెల్లగా, “అయితే వాక్యం మార్చాలండి. ఫోర్‌మేన్ గారి వల్ల మిల్లు పతనం మొదలైందని రాయనాండి?” అన్నారు.

“రాయండి” అన్నాను.

“ఎందుకండి?” అన్నారు దానియేలు గారు. “ఒక్క రాయికి మిల్లు పడిపోద్దాండి? నేను పోసింది పగిలినా, ఈయన రాసింది తప్పినా, లారీలు రాకుండా ఉంటాయాండి? కాలువ పోయింది, కాలువ మీద మిల్లు పోయింది. మేవిద్దరం అంత గొప్పోళ్ళం కాదండి.”

ప్రసన్న గారు ఆ మాటే రాసుకున్నారు. పుస్తకంలో మా మిల్లు గురించిన అధ్యాయం ఆ మాటతోనే ముగుస్తుందట. ముప్పై రెండేళ్ళ డైరీలు పెట్టె నిండా తెచ్చింది నేను. పుస్తకంలోకి వెళ్ళిన మాట మాత్రం ఆయనది. రాయి గురించిన నిజమైన వాక్యం దానికి ముందు ఉంటుంది, నా పేరుతో. అలా ఉండాలని నేనే పట్టుబట్టాను.

వెళ్ళేటప్పుడు ఆయన నా వైపు తిరిగారు. “రేపు ఏడింటికల్లా నీళ్ళు కలిపి ఉంచండి” అన్నారు, అంతే.

మర్నాడు ఉదయం

ఆదివారం. దానియేలు గారు తొమ్మిదింటి ఆరాధనకు వెళ్ళాలన్నందుకు ఏడింటికే పని పెట్టుకున్నాం. నేను ఆరింటికే వచ్చి క్లోరైడు కరిగించాను. పాత గాజు గొట్టం కూడా ఇంటి నుంచి తెచ్చాను. పదవీ విరమణ రోజున దాన్ని గుడ్డలో చుట్టి పట్టుకొచ్చుకున్నాను, ఎవరూ అడగలేదు.

ఏడింటికి ఆయన వచ్చారు. చేతిలో అదే డబ్బా కాదు కాని, అలాంటిదే.

“చూశారాండి?”

“చూశాను. గీత మీద ఉంది.”

“మళ్ళీ చూడండి. వీళ్ళందరూ చూస్తుండగా.”

మళ్ళీ గొట్టం వదిలాను. నీళ్ళు గీత దగ్గర ఆగాయి. హారిక వంగి చూసి, “కరెక్టండీ” అంది.

“రాసుకోండి” అన్నారు. రాసుకున్నాను.

అప్పుడు ఆయన డబ్బా మూత తీసి, ఊకలోంచి బాతుగుడ్డు తీసి, డ్రమ్ములో వదిలారు. అది మునిగి, కదిలి, పైకి వచ్చి పావలా బిళ్ళంత తెల్లగా నిలబడింది. పిల్లలందరూ ఫోన్లు తీసి గుడ్డుకు ఫొటోలు తీశారు. గొట్టానికి ఒక్కరూ తీయలేదు.

ఆయన డబ్బాలోంచి రెండో గుడ్డు తీసి, తడుముకుని నా చేతిలో పెట్టారు.

“ఇదీ వెయ్యండి. ఇన్నేళ్ళూ ఉత్తినే మోశాను.”

వేశాను. నా చేత్తో నేను వేసిన మొదటి గుడ్డు. అది మునిగి, తేలి, ఆయన గుడ్డు పక్కనే వచ్చి ఆగింది. వంగి జాగ్రత్తగా చూశాను. ఆయన గుడ్డు కన్నా నాది ఒక వెంట్రుకవాసి ఎక్కువ తేలింది.

“నాదే ఎక్కువ తేలిందండీ” అన్నాను, ఆగలేక.

“అది నాలుగు రోజుల కిందటిదండి” అన్నారు దానియేలు గారు, పంచె ఎగ్గట్టి ముద్ద దగ్గర కూర్చుంటూ. “పాత గుడ్లు అలాగే తేల్తాయండి.”

అది కూడా రాసుకున్నాను.